జన్యువును సరిచేసే వైద్యం నిజంగా మనిషికి అందేదాకా వచ్చిందా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

నీలిమబ్బు
అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా తమ్ముడికి 14 ఏళ్లు. బీటా తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చిన జబ్బు. ఏడో నెల నుంచి రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. ఇప్పుడైతే మూడు వారాలకొకసారి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది కదా, అది పోవడానికి రోజూ మాత్ర వేసుకోవాలి.

ఈ మధ్య వాడే వెతికి నాకు చూపిస్తున్నాడు. "అక్కా, జన్యువును కత్తిరించి జబ్బు నయం చేస్తున్నారట. ఒక పసిబిడ్డకు ఆరు నెలల్లో మందు తయారుచేశారట. ఏఐ కొత్త మందులు కనిపెడుతోందట." వాడి మొహంలో వెలుగు చూస్తే సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. అవునని చెప్పలేకపోతున్నాను, కాదని చెప్పడానికి నోరు రావడం లేదు. వీటిలో ఏది నిజంగా వైద్యం అయింది, ఏది ఇంకా ల్యాబ్‌లోనే ఉంది? తెలిసినవాళ్లు ఏదీ దాచకుండా చెప్పండి. నేను చదివింది కామర్స్, కాస్త విడమరిచి రాస్తే మేలు.

మజ్జమాట
నమస్తే అమ్మా. నేను రక్తవ్యాధుల డాక్టర్ని. మీ తమ్ముడి జబ్బు వరకూ ఇది వార్తల స్థాయి దాటింది. క్యాస్‌జెవీ అనే చికిత్సకు బ్రిటన్ 2023 నవంబర్‌లో అనుమతి ఇచ్చింది. జన్యువును కోసే క్రిస్పర్ అనే సాధనంతో చేసే వైద్యానికి ప్రపంచంలో దొరికిన మొదటి అనుమతి అదే. అమెరికాలో డిసెంబర్‌లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే సికిల్ సెల్ జబ్బుకు, 2024 జనవరిలో రక్తం ఎక్కించుకోక తప్పని బీటా తలసీమియాకు అనుమతి వచ్చింది. 12 ఏళ్లు నిండినవాళ్లకు.

ఎలా పనిచేస్తుందో చెబుతాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వేరు. పుట్టాక కొన్ని నెలల్లో దాని తయారీ తగ్గిపోయి, పెద్దవాళ్లలో ఉండే రకం మొదలవుతుంది. మీ తమ్ముడికి ఈ రెండో రకమే సరిగా తయారు కాదు. ఆరు నెలలు బాగానే ఉండి ఏడో నెలలో జబ్బు బయటపడింది అందుకే. అప్పటిదాకా ఆ పాత హిమోగ్లోబిన్ వాణ్ణి కాపాడింది.

ఆ పాత రకాన్ని ఆపేసే స్విచ్ బీసీఎల్11ఏ అనే జన్యువు. రక్తాన్ని పుట్టించే మూలకణాలను రోగి నుంచే తీసి, ఎర్ర రక్తకణాల్లో ఆ స్విచ్‌ను నడిపే చిన్న ముక్కను క్రిస్పర్‌తో కోసి, కణాలను తిరిగి ఎక్కిస్తారు. పాత హిమోగ్లోబిన్ తయారీ మళ్లీ మొదలవుతుంది. చెడిపోయిన బీటా జన్యువును అసలు ముట్టుకోరు. అది అలాగే ఉంటుంది.

ఇన్నేళ్లుగా ఈ జబ్బు చూస్తున్నవాడిగా నన్ను కదిలించేది ఒకటి ఉంది. ఈ ఉపాయం మనుషుల్లోనే దొరికింది. పెద్దయ్యాక కూడా పాత హిమోగ్లోబిన్ ఆగకుండా తయారయ్యే కుటుంబాలు ఉన్నాయి. అలాంటివాళ్లకు తలసీమియా వచ్చినా చాలా తేలిగ్గా ఉంటుంది. వాళ్ల రక్తాన్ని ఏళ్ల తరబడి పరిశీలించగా పరిశీలించగా ఈ స్విచ్ పాత్ర తెలిసింది.

ఫలితాల సంగతి: అనుమతి ఇచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకున్న 35 మంది తలసీమియా రోగుల్లో 32 మంది కనీసం ఏడాదిపాటు వరుసగా రక్తం ఎక్కించుకోకుండా ఉన్నారు.

నీలిమబ్బు
డాక్టర్ గారూ, ఆ ఏడో నెల మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, "ఆరు నెలలు చక్కగా ఉన్నాడు, నేనే ఏదో తప్పు చేశాను" అని. ఈ రాత్రి ఆమెకు ఇది చదివి వినిపిస్తాను.

ఒక సందేహం. ఇది ఇంజెక్షన్‌లాగా ఇస్తారా? ఎన్ని రోజులు పడుతుంది?

రెండో_షిఫ్ట్
దీనికి నేను చెప్తానండి. నేను కార్-టీ తయారుచేసే ప్లాంట్‌లో పనిచేస్తాను. అంటే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్ల టీ-కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి పంపడం. జబ్బు వేరే అయినా తయారీ పద్ధతిలో చాలా పోలికలున్నాయి.

మామూలు బయోటెక్ మందులు పెద్ద పెద్ద స్టీల్ ట్యాంకుల్లో తయారవుతాయి. ఇన్సులిన్ తీసుకోండి. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన మందుకు 1982లో అనుమతి వచ్చింది. ఒక్క బ్యాచ్ తీస్తే ఎంతోమందికి సరిపోతుంది. మా దగ్గర అలా కాదు. ఒక మనిషికి ఒక బ్యాచ్. ఆ బ్యాచ్ ఇంకెవరికీ పనికిరాదు.

మీ తమ్ముడి విషయంలో ఏం జరుగుతుందంటే, ముందు ఎముక మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వచ్చేలా మందులు ఇస్తారు. తర్వాత ఒక మిషన్ రక్తాన్ని తిప్పుతూ ఆ కణాలను విడదీస్తుంది. సరిపడా రాకపోతే ఇంకోసారి కూర్చోవాలి. ఆ కణాలు ప్లాంట్‌కు వెళ్తాయి. అక్కడ కరెంట్ పల్స్‌తో కణాల పైపొరలు ఒక్క క్షణం తెరుచుకునేలా చేసి, క్రిస్పర్‌ను లోపలికి పంపుతారు. ఆ తర్వాత ఫ్రీజ్ చేసి, టెస్టుల మీద టెస్టులు. కణాలు ఎన్ని బతికున్నాయి, కోత సరైన చోట పడిందా, సూక్ష్మజీవులేమైనా చేరాయా. అన్నీ పాసయ్యాకే హాస్పిటల్‌కు పంపుతారు. కణాలు తీసిన దగ్గర్నుంచి తిరిగి రావడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చు.

మా క్లీన్ రూమ్‌లో గౌను వేసుకోవడానికే చాలాసేపు పడుతుంది. లోపలికి వెళ్లాక చేతులు కదిపే తీరు కూడా నేర్చుకున్నదే, నిదానంగా కదలాలి. బ్యాగ్ మీద పేరు ఉండదు, నంబర్ ఉంటుంది. ప్రతి అడుగులో ఇద్దరం ఆ నంబర్ చదివి సరిచూసుకోవాలి. ఒకరి కణాలు ఇంకొకరికి వెళ్తే ప్రాణాలు పోతాయి. నా చేతిలో ఉన్నది ఒక మనిషికి మిగిలిన ఆఖరి అవకాశం అని తెలిసి పనిచేయడం వేరు. ఒకసారి స్టెరిలిటీ టెస్ట్ ఫెయిలై బ్యాచ్ పారేయాల్సి వచ్చింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

మజ్జమాట
రెండో షిఫ్ట్ గారు తయారీ గురించి చెప్పారు. హాస్పిటల్‌లో జరిగేది నేను చెప్పాలి, ఎందుకంటే వార్తల్లో రానిది ఇదే.

సరిచేసిన కణాలకు మజ్జలో చోటు కావాలి. పాత కణాలను తీసేస్తేనే ఆ చోటు దొరుకుతుంది. అందుకోసం బుసల్ఫాన్ అనే గట్టి కీమో ఇస్తారు. జన్యువును కోయడం ఎంత సున్నితమైన పనో, ఈ కీమో అంత మొరటు పని. కొత్త కణాలు నిలదొక్కుకునేదాకా ఒంట్లో రోగనిరోధక శక్తి ఉండదు. నాలుగు నుంచి ఆరు వారాలు హాస్పిటల్‌లోనే ఉండాలి. పిల్లలు పుట్టే అవకాశం పోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి వీర్యకణాలో అండాలో ముందే దాచుకోవడం గురించి మాట్లాడాలి.

పాప_నాన్న
ఈ చివరి మాట మీద నేను రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మాయికి తలసీమియా. 16వ ఏట ఒక జీన్ థెరపీ ట్రయల్‌లో చేరింది. క్రిస్పర్ కాదు, వైరస్ ద్వారా మంచి జన్యువును చేర్చే పద్ధతి. ముందు కీమో మాత్రం ఇదే. సంతకాలు పెట్టించుకునేటప్పుడు కాగితాలన్నీ వివరంగా చదివి చెప్పారు. అండాలు దాచుకునే విషయం మాత్రం కీమోకు పది రోజుల ముందు, అది కూడా ఒక నర్సమ్మ గుర్తుచేస్తే బయటకొచ్చింది. హడావిడిగా ఏర్పాటు చేశారు. ఆ పది రోజులు మా ఇంట్లో పడిన టెన్షన్ ఎవరికీ వద్దు. నీలిమబ్బు గారూ, మీరు మొదటి రోజే అడగండి.

గదిలో ఐదు వారాలు. నోరంతా పుళ్లు, నీళ్లు మింగడం కూడా కష్టమైంది. జుట్టు మొత్తం ఊడిపోయింది. నాలుగో వారంలో తెల్ల కణాల కౌంట్ మొదటిసారి కాస్త పెరిగింది. డాక్టర్ ఆ అంకెను కాగితం మీద రాసి అద్దంలోంచి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

మూడేళ్లయింది. ఇప్పటిదాకా రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. పాత ఐరన్ ఇంకా దింపుతున్నారు. ఏటా చెకప్ ఉంటుంది, 15 ఏళ్లపాటు వెళ్తూనే ఉండాలి.

నీలిమబ్బు
మీ పాప బాగున్నందుకు మనస్ఫూర్తిగా సంతోషం అండీ. మొదటి రోజే అడుగుతాను, మర్చిపోను.

ప్రశ్నార్థకం
అన్నీ బాగున్నాయి, ఖరీదు గురించి ఎవరూ రాయలేదు. క్యాస్‌జెవీకి అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. దాంతో పాటు అదే రోజు సికిల్ సెల్‌కు అనుమతి పొందిన లిఫ్‌జీనియా అనే జీన్ థెరపీది 31 లక్షలు. పిల్లల మెదడును దెబ్బతీసే ఎంఎల్‌డీ అనే జబ్బుకు 2024లో వచ్చిన లెన్‌మెల్డీది 42.5 లక్షలు. ఆ అమ్మాయికి ఆశ పెట్టే ముందు ఇది చెప్పడం మన బాధ్యత.

ధర ఒక్కటే కాదు. కంపెనీలు మధ్యలో వదిలేసి వెళ్లడం కూడా ఉంది. బ్లూబర్డ్ బయో అనే కంపెనీ తెచ్చిన తలసీమియా జీన్ థెరపీకి 2019లో యూరప్‌లో అనుమతి వచ్చింది. ధర దగ్గర బేరం కుదరక 2021లో ఆ కంపెనీ యూరప్‌ నుంచే వెళ్లిపోయింది. మందు పనిచేస్తోంది, అనుమతి ఉంది, అయినా రోగికి దొరకదు. అమెరికాలో మూడు జీన్ థెరపీలకు అనుమతి తెచ్చుకున్న ఆ కంపెనీయే చివరికి నిలబడలేక 2025లో ప్రైవేట్ పెట్టుబడి సంస్థల చేతికి వెళ్లింది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా-బి జబ్బు కోసం ఫైజర్ తెచ్చిన బెక్‌వెజ్ అనే జీన్ థెరపీ కూడా అంతే. 2024లో అమెరికాలో అనుమతి, 2025 ఫిబ్రవరిలో ఆపేస్తున్నట్టు ప్రకటన. తీసుకునేవాళ్లు లేరన్నారు.

రెండో_షిఫ్ట్
మీరు చెప్పిన అంకెలన్నీ కరెక్టే. కానీ మొత్తం దురాశే అన్న అర్థం వస్తోంది, దానికి ఒప్పుకోలేను. ఒక బ్యాచ్ వెనక ఎంతమంది పని ఉందో నేను రోజూ చూస్తున్నాను. గది శుభ్రత, మనుషులు, టెస్టులు, ఫెయిలైతే మళ్లీ మొదటి నుంచి. ట్యాంక్ పెద్దది చేస్తే ఖర్చు తగ్గే వ్యాపారం కాదిది. రోగులు పదింతలైతే బ్యాచ్‌లూ పదింతలవుతాయి.

ప్రశ్నార్థకం
మీ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తయారీకి ఖర్చవుతుంది, నిజమే. కానీ ఆ ధర తయారీ ఖర్చును బట్టి పెట్టింది కాదు. జీవితాంతం రక్తం ఎక్కిస్తే, హాస్పిటల్‌లో ఉంటే అయ్యే ఖర్చు ఎంత, దాంతో పోలిస్తే ఇది ఎంత అనే లెక్క మీద పెడతారు. ఆ లెక్కతో మిలియన్ల డాలర్లు న్యాయమే అనిపించవచ్చు. కానీ ఆ జీవితకాలపు ఖర్చు మొత్తం ఒక్కరోజున కట్టగలిగేది ఎవరు? తలసీమియా ఎక్కువగా ఉన్న దేశాల్లో అంత డబ్బు లేదు. మధ్యధరా నుంచి ఆసియా దాకా, ఒకప్పుడు మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే ఈ తలసీమియా జన్యువు ఎక్కువ. మందు ఒకచోట, జబ్బు ఇంకొకచోట. నాకు కోపం వచ్చేది దీనికే.

రెండో_షిఫ్ట్
ఆ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు అన్నా. నిజమే.

పిపెట్
జీన్ ఎడిటింగ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. తమ్ముడు అడిగిన పసిబిడ్డ సంగతి నేను చెప్తాను. మా ల్యాబ్‌లో దాని మీద వచ్చిన పరిశోధన పేపర్ చదివిన రోజు పనులన్నీ ఆపి దాని గురించే మాట్లాడుకున్నాం.

ప్రోటీన్ అరిగినప్పుడు ఒంట్లో అమ్మోనియా పుడుతుంది. లివర్ దాన్ని యూరియాగా మార్చి బయటకు పంపుతుంది. ఆ పనిలో సీపీఎస్1 అనే ఎంజైమ్ లేకుండా పుట్టాడు ఆ బాబు. అమ్మోనియా మెదడుకు ఎక్కితే చనిపోతారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పిల్లల హాస్పిటల్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ కలిసి, రెబెకా ఆరెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు అనే డాక్టర్ల ఆధ్వర్యంలో, ఆ ఒక్క బాబు జన్యువులోని తప్పుకే మందు తయారుచేశారు. దాదాపు ఆరు నెలల్లో. 2025 ఫిబ్రవరిలో మొదటి డోసు, ఆ తర్వాత ఇంకో రెండు. బాబు ప్రోటీన్ ఎక్కువగా తట్టుకోగలిగాడు, మందులు తగ్గించగలిగారు, ఇంటికి వెళ్లాడు.

వాడింది బేస్ ఎడిటర్. ఈ తరహా ఎడిటర్ మొదట అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ లియూ ల్యాబ్ నుంచి 2016లో వచ్చింది. డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంచకుండా ఒక్క అక్షరాన్ని మారుస్తుంది. 300 కోట్ల అక్షరాల్లో ఒక్కటి. దాన్ని తయారుచేయడానికి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏను సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కించారు. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో వాడిన రకం బుడగలే.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1999లో అదే ఊళ్లో, అదే యూనివర్సిటీ జీన్ థెరపీ ట్రయల్‌లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. అతనిదీ ఈ కోవకు చెందిన జబ్బే. అమ్మోనియాను యూరియాగా మార్చే వరుసలో పక్క ఎంజైమ్ లోపం. జన్యువును మోసుకెళ్లడానికి వాడిన వైరస్ మీద అతని ఒళ్లు తీవ్రంగా తిరగబడింది, నాలుగు రోజుల్లో ప్రాణం పోయింది. ఆ దెబ్బకు ఈ రంగం ఏళ్లపాటు కుంటుపడింది. 26 ఏళ్ల తర్వాత అక్కడే ఈ బాబు. మా గైడ్ ఆ పేపర్ మీద మాట్లాడటానికి ముందు బోర్డు మీద జెస్సీ పేరు రాశారు.

నీలిమబ్బు
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అయితే ఒకటి అడగనా? ఆ బాబుకు కీమో లేదు, కణాలు బయటకు తీయలేదు, నేరుగా రక్తంలోకే ఎక్కించారు. మా తమ్ముడికి కూడా అలాగే ఎందుకు చేయకూడదు?

పిపెట్
ఈ రంగంలో ఇప్పుడు పెద్ద చిక్కు ఇదే అక్కా.

కోయడం మాకు బాగానే వచ్చింది. కావాల్సిన చోటికి చేర్చడమే రాలేదు. ఆ కొవ్వు బుడగలు రక్తంలోకి వెళ్లగానే ఏపీఓ-ఈ అనే ప్రోటీన్ వాటికి అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్‌ను పట్టుకునే గ్రాహకాలు లివర్ కణాల మీద దండిగా ఉంటాయి. అందుకే బుడగల్లో ఎక్కువ భాగం లివర్‌కే పోతాయి. బాబు జబ్బు లివర్‌లోనే ఉంది కాబట్టి అది కలిసొచ్చింది. మీ తమ్ముడి మూలకణాలు మజ్జలో ఉన్నాయి. ఇంజెక్షన్‌తో అక్కడికి చేర్చే ప్రయత్నాలు ఇంకా తొలి దశలోనే ఉన్నాయి.

బుడగ మీద యాంటీబాడీని అతికించి ఫలానా కణానికే వెళ్లేలా చేసే పద్ధతి ఒకటి ముందుకు వస్తోంది. క్యాప్‌స్టన్ అనే చిన్న కంపెనీ ఆ దారిలో కార్-టీ కణాలను ఒంట్లోనే తయారుచేయాలని చూస్తోంది. 2025లో ఆబ్‌వీ అనే పెద్ద మందుల కంపెనీ దాన్ని 210 కోట్ల డాలర్ల దాకా ఇచ్చి కొనడానికి ఒప్పందం చేసుకుంది. అది కుదిరితే రెండో షిఫ్ట్ గారు చెప్పిన ఒక మనిషికి ఒక బ్యాచ్ అనే ఇబ్బంది పోతుంది.

ప్రమాదం కూడా చెప్పాలి. ఒంట్లోనే జన్యువును కోసే ఇంటెలియా కంపెనీ చేస్తున్న రెండు ట్రయల్స్ 2025 అక్టోబర్‌లో ఆగాయి. ఒక రోగికి లివర్ తీవ్రంగా దెబ్బతినడమే కారణం. బయట కోస్తే టెస్ట్ చేసి, బాగాలేకపోతే పారేయవచ్చు. ఒంట్లో కోశాక వెనక్కి తీసుకోలేం.

తొలకరి
నేను డిగ్రీ రెండో ఏడాది, బయోటెక్నాలజీ. ఏఐ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో పదేళ్లలో ల్యాబ్ పని మొత్తం ఏఐ చేసేస్తుందని మా క్లాసులో అంటున్నారు. నిజమా?

పిపెట్
తమ్ముడూ, నిజంగా జరిగింది చెప్తాను. ప్రోటీన్ ఆకారాన్ని దాని అక్షరాల వరుస నుంచి ఊహించడం 50 ఏళ్లుగా తెగని లెక్క. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ 2020లో దాన్ని చాలావరకు తేల్చింది. 2022కల్లా 20 కోట్లకు పైగా ఆకారాలు అందరికీ ఉచితంగా పెట్టారు. అప్పటిదాకా మనుషులు ప్రయోగాలు చేసి తేల్చినవి దాదాపు 2 లక్షలు. 2024 కెమిస్ట్రీ నోబెల్ ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్లు రూపొందించే డేవిడ్ బేకర్‌కు వచ్చింది. నేను రోజూ ఆల్ఫాఫోల్డ్ వాడతాను. ఒకప్పుడు నెలలు పట్టే ఊహ ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు వస్తుంది.

మందు మాత్రం వేరే సంగతి. ఆకారం తెలిసినంత మాత్రాన మందు రాదు. ట్రయల్స్ మొదలుపెట్టిన మందుల్లో దాదాపు పదింటికి ఒకటే అనుమతి దాకా వస్తుంది. మిగతావి ఎక్కువగా మనిషిలో పనిచేయకనో, హాని చేసో పోతాయి. ఆకారం తెలియక పోయేవి తక్కువ. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు ఇన్‌సిలికో కంపెనీ ఏఐ సాయంతో తెచ్చిన రెంటోసెర్టిబ్ 71 మంది రోగుల మీద చేసిన ట్రయల్‌లో ఆశ కలిగించే ఫలితం ఇచ్చింది, 2025లో ప్రచురించారు. చిన్న ట్రయల్, పెద్దది ఇంకా కావాలి. నువ్వు మాత్రం ల్యాబ్‌లో ద్రవాలు కొలిచే పిపెట్ పట్టుకోవడం, స్టాటిస్టిక్స్ రెండూ నేర్చుకో. ఏఐ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ప్రయోగం చేసేవాళ్లు కావాలి.

రెండో_షిఫ్ట్
తొలకరీ, ప్లాంట్‌లో కూడా మనుషులు కావాలి. బ్యాచ్ రికార్డ్ శుభ్రంగా రాయగలిగిన కుర్రాళ్లు దొరకడం లేదు మాకు.

మజ్జమాట
నీలిమబ్బు అమ్మా, మొదటి నుంచి ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. మీ మజ్జ తమ్ముడికి సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ టెస్ట్ మీకు చేశారా? తోడబుట్టినవాళ్ల మజ్జ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. కలిస్తే మజ్జ మార్పిడి చేయవచ్చు. తలసీమియాను నయం చేయడానికి 1980ల నుంచి ఉన్న దారి అది.

నీలిమబ్బు
లేదు డాక్టర్ గారూ. వాడు చిన్నప్పుడు ఎవరో ఆ మాట ఎత్తితే అమ్మ భయపడిపోయింది. "ఉన్న ఇద్దర్నీ ప్రమాదంలో పెట్టను" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. 14 ఏళ్లకు ఆలస్యమైనట్టేనా?

మజ్జమాట
చిన్న వయసులో, ఐరన్ లివర్‌ను దెబ్బతీయక ముందు చేస్తే ఫలితాలు ఎక్కువ బాగుంటాయి. అది నిజం. కానీ 14 ఏళ్లకు దారి మూసుకుపోయినట్టు కాదు. లివర్, గుండెలో ఐరన్ ఎంతుందో ఎమ్మారై చేస్తే తెలుస్తుంది, దాన్నిబట్టి మీ డాక్టర్ చెప్తారు. ఇందులోనూ కీమో ఉంటుంది. ఇంకొకరి కణాలు కాబట్టి అవి మీ తమ్ముడి ఒంటి మీద తిరగబడే ప్రమాదం అదనం. సొంత కణాలతో చేసే జీన్ థెరపీలో ఆ ప్రమాదం ఉండదు. మీ వరకైతే, దాతకు ప్రమాదం చాలా తక్కువ. అది అమ్మకు నెమ్మదిగా చెప్పండి. టెస్ట్‌కు కావాల్సింది కొంచెం రక్తం, అంతే.

పాప_నాన్న
మా అమ్మాయికి తోడబుట్టినవాళ్లు లేరు, అందుకే మేం ట్రయల్‌కు వెళ్లాం. మీకు ఆ అవకాశం ఉంటే ముందు అదే చూడండమ్మా.

నీలిమబ్బు
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

అమ్మకు మొత్తం చదివి వినిపించాను. ఆ ఏడో నెల గురించి రాసింది రెండుసార్లు చదివించుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తనే అడిగింది, "ఆ టెస్ట్ ఎప్పుడు చేయించుకుంటావు?" అని.

ఈరోజు తమ్ముడికి రక్తం ఎక్కించే రోజు. వాడితో పాటే వెళ్లి శాంపిల్ ఇచ్చాను. డాక్టర్‌ను లివర్, గుండె ఎమ్మారై గురించి అడిగాను, వచ్చే నెలకు రాశారు. కీమో చేయాల్సి వస్తే ముందే దాచుకోవాల్సిన సంగతీ అడిగాను. కాసేపు ఆశ్చర్యపోయి, "ఇదంతా మీకెవరు చెప్పారు?" అన్నారు.

తమ్ముడు పక్క బెడ్ మీద నుంచి నా చేతికున్న ప్లాస్టర్ చూసి, "నొప్పి పుట్టిందా అక్కా?" అని అడిగాడు. రిజల్ట్ రాగానే ఇక్కడ రాస్తాను.